తొలకరికి ముందే చేయవలసిన వైద్యము

(గ్రామపంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



రోహిణికార్తె ముగియవచ్చినది. మృగశిరతో తొలకరి పడును. రైతులు అప్పుడే దుక్కులు సిద్ధము చేసికొని, విత్తనములు తెచ్చి యింట పెట్టుకొనుచున్నారు. వాన కురిసిన పిదప విత్తనమునకై వెదుకబోవువానిని మనము మంచి రైతు అనము. మరి అతిసారము ప్రబలిన పిదప బ్లీచింగ్ పౌడరుకై వెదుకబోవు పంచాయతీని ఏమనవలెనో మీరే ఆలోచింపుడు.

ఆషాఢము మొదలు భాద్రపదము వరకు మా కేంద్రము వరండాలో కూర్చుండు రోగుల చీటీలను వరుసగా చూచినచో ఒక సంగతి తేటపడును. పేర్లు వేరు, వయసులు వేరు. కాని ఊరు ఒకటే, పెక్కుసారులు వీధి కూడ ఒకటే. ఒక కుళాయి నీరు త్రాగినవారందరు ఒకే వారములో వచ్చుచుందురు. అనగా జబ్బు మనుష్యులకు రాకముందే వీధికి వచ్చినదన్నమాట. మేము మనిషికి మందీయగలము. వీధికి మందీయగలవారు మీరు. ఈనాడు మేము మనవి చేయదలచినదంతయు ఈ యొక్క మాటలోనే యున్నది.

ఇది మీపై మేము మోపుచున్న క్రొత్త బరువు కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినప్పుడు, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో చేర్చిరి. త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుధ్యము అందులో ఉన్నవి. 2021–26 కాలమునకు 15వ ఆర్థికసంఘము గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫార్సు చేసిన నిధులలో 60 శాతము నీటికి, పారిశుధ్యమునకే ముడివేయబడినది. రోగము రాకుండ చేయుట పంచాయతీ పనులలో మొదటి వరుసలోనిదని దీనిని బట్టియే తెలియుచున్నది.

నీరు

మొదట నీటి సంగతి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారము ప్రబలి ప్రాణములు పోయిన వార్త మనమందరము చదివితిమి. అట్టి వార్త ఏ ఊరినుండియైనను రావచ్చును. వానకాలమున మురికి త్రాగునీటిలో చేరు దారులు ఎక్కువ. వానిలో నాలుగు మీ వీధులలోనే ఉన్నవి. వానిని కనుగొనుటకు ఇంజనీరు రానక్కరలేదు.

మొదటిది, మురుగుకాలువ అడుగుగా పోవు గొట్టము. నీరు వచ్చుచున్నంతసేపు గొట్టములోని ఒత్తిడి మురుగును లోనికి రానీయదు. నీరు కట్టివేయగానే గొట్టము ఖాళీయై, చీలిక యెక్కడ నున్నను అక్కడి మురుగును లోనికి పీల్చును. మరునాడు మొదట వచ్చు బిందెడు నీటిలో ఆ మురుగే యుండును. రెండవది, కుళాయి గుంత. నీటి ధార తక్కువగా నున్నచోట బిందె పెట్టుటకు నేల త్రవ్వి కుళాయిని క్రిందికి దించుకొనుచున్నారు. వాన పడిన రాత్రి ఆ గుంత నిండి కుళాయి మూతి మునుగును. మూడవది, వాల్వు గుంత. కారుచున్న వాల్వు చుట్టును వాననీరు నిలిచినచో అదియు గొట్టములోనికి దారియే. నాలుగవది, కుళాయికి తగిలించు మోటారు. అది పొరుగువారి నీటిని లాగుటయే కాక, గొట్టపు చీలికల గుండ మురుగును కూడ లాగును.

ప్రతి వార్డు సభ్యుడును, సభ్యురాలును తమ వార్డులో ఒక ఉదయము నడచి, ఈ నాలుగును ఎక్కడెక్కడ నున్నవో ఒక కాగితముపై వ్రాసికొని రావలెను. ఆ కాగితము చేత లేనిదే త్రాగునీటిపై పంచాయతీలో చర్చించి ప్రయోజనము లేదు. కుళాయి గుంత పూడ్పించుట కష్టమని మేము ఎరుగుదుము. అది పూడ్చినచో ఆ యింటికి నీరు రాదు. అడిగినవారికి ఓటు పోవునేమోయను భయమును కలుగును. కావున ముందు ధార సరిచేసి, ఆ పిమ్మట గుంత పూడ్పింపుడు. అప్పుడు ఎవరును కాదనరు.

ఇక బ్లీచింగ్ పౌడరు. మంచి పౌడరులో సుమారు మూడవవంతు క్లోరిను ఉండును. సంచి మూతి విప్పి, తేమగా నున్న గదిలో పడవేసినచో కొలది వారములలోనే దాని బలము తగ్గిపోవును. పిదప చల్లినది సున్నముతో సమానము. మురుగుకాలువల గట్లపై తెల్లగా చారలు దిద్దినంత మాత్రమున త్రాగునీరు శుభ్రపడదు. తేటనీటికి కనీసపు లెక్క ఇది: 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి పౌడరు. 40,000 లీటర్ల ట్యాంకునకు 100 గ్రాములు. బావియైనచో వ్యాసమును వ్యాసముతో హెచ్చించి, దానిని నీటి లోతుతోను, ఆపై 3.14తోను హెచ్చించి, నాలుగింట భాగింపవలెను. కొలతలు మీటర్లలో నున్నచో వచ్చినది ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు వేయి లీటర్లు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీరు గల బావిలో సుమారు 28,000 లీటర్లుండును. దానికి 70 గ్రాములు పట్టును. వాననీరు చేరి మడ్డిపడినచో ఇంకను ఎక్కువ కావలెను.

పౌడరును అటులే నీటిలో పోయరాదు. బకెట్టులో కొద్ది నీటితో మెత్తగా కలిపి, పిదప ముప్పాతిక బకెట్టు నీరు పోసి, పది నిమిషములు తేరనీయవలెను. అడుగున సున్నము నిలుచును. పైని తేటనే ట్యాంకులోనికో, బావిలోనికో వంపవలెను. ఒక గంట గడచిన పిమ్మటనే నీరు వదలవలెను. సరిపోయినదా లేదా యనుట ట్యాంకు వద్ద తేలదు. ఊరి చివరనున్న కుళాయి నీటిని క్లోరోస్కోపుతో పరీక్షింపుడు. అక్కడ లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. ఊరిలో జబ్బు ఉన్న దినములలో 0.5 ఉండుట మేలు. జల్ జీవన్ మిషన్ క్రింద ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పవలెనని ఏర్పాటు కలదు. మీ ఊరిలో వారెవరో తెలిసికొని, పరీక్ష పెట్టెను వారి చేతికిచ్చి, ఫలితమును పంచాయతీ బల్లపై ప్రతి వారము వ్రాయింపుడు.

ఇంటిలో అతిసారము

ఇంత చేసినను ఒక్కొక్క యింట విరేచనములు కలుగవచ్చును. అప్పుడు ప్రాణము తీయునది విరేచనము కాదు. శరీరములోని నీరును, లవణములును పోవుటయే. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకులు మన సరిహద్దున బనగావ్ శిబిరములో కలరాతో కుప్పలుగా పడిపోవుచున్నప్పుడు సెలైను సీసాలు చాలలేదు. డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పును, గ్లూకోజును నీటిలో కలిపి బంధువుల చేతనే త్రాగించెను. మూడవవంతు వరకు ఉండిన మరణములు, ఆ నీరు త్రాగినవారిలో నూటికి నాలుగు కంటె తక్కువకు దిగినవి. ఆ నీరే నేటి ఓ.ఆర్.ఎస్.

పొట్లమంతయు ఒక్కసారిగా, దానిపై వ్రాసిన కొలత నీటిలోనే కలుపవలెను. పెద్ద పొట్లమునకు ఒక లీటరు. సగము పొట్లము ఒక గ్లాసులో కలిపినచో మేలుకు మారు కీడు కలుగును. రెండేండ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారి 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడిన పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు చెంచాతో మెల్లగా పట్టవలెను. వాంతి యైనచో పది నిమిషములాగి మరల పట్టవలెను. కలిపిన నీరు 24 గంటలు దాటినచో పారబోయవలెను. పొట్లము దొరకనిచోట లీటరు కాచి చల్లార్చిన నీటికి సమముగా ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు చాలును. తల్లిపాలు ఆపకూడదు, అన్నము మాన్పింపకూడదు. ఆరు నెలలు నిండిన బిడ్డకు జింకు 20 మిల్లీగ్రాముల బిళ్ళ దినమున కొకటి చొప్పున 14 దినములు ఇయ్యవలెను. విరేచనములు కట్టినను మానరాదు.

అంగడిలో అట్టపెట్టెలలో అమ్ము తీపి పానీయములను చూచి ఓ.ఆర్.ఎస్. అని మోసపోవలదు. అట్టి పానీయములపై ఓ.ఆర్.ఎస్. అను పేరు వాడరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆజ్ఞాపించినది. దీనికై హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడిరి. మీ ఊరి అంగడివానికి ఈ మాట చెప్పుట సభ్యుల పని.

బిడ్డ కన్నులు లోతుకు పోయినను, మూత్రము రాకున్నను, మత్తుగా పడియున్నను, త్రాగలేకున్నను, విరేచనములో రక్తము కనబడినను, ఇంటి వైద్యము చాలదు. ఆ గంటలోనే మా వద్దకు తీసికొనిరావలెను.

దోమ

దోమకును మలేరియాకును గల సంబంధము లోకమునకు తెలిసినది మన గడ్డపైననే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. నూరేండ్లకు పైగా గడచినను మన తొట్లలో దోమ పిల్లలు ఈదులాడుచునే యున్నవి.

మలేరియా దోమ రాత్రివేళ కుట్టును. డెంగ్యూ దోమ పగటివేళ కుట్టును. అది మురుగులో కాక, ఇంటిలో నిలువయున్న తేటనీటిలో గ్రుడ్లు పెట్టును. కావున కాలువలో మందు చల్లినంత మాత్రమున డెంగ్యూ తగ్గదు. సిమెంటు తొట్టి, గోళెము, పాత టైరు, కొబ్బరి చిప్ప, కూలరు, వాడని రోలు — ఇవి దాని పుట్టిండ్లు. గ్రుడ్డు దోమయగుటకు వారము, పది దినములు పట్టును. అందుచేతనే వారమున కొకసారి, ప్రతి శుక్రవారము, తొట్లన్నియు ఖాళీచేసి ఆరబెట్టుమని చెప్పుచున్నారు. వారము తప్పినచో పని తప్పినట్లే. నీరు పారబోసిన మాత్రమున చాలదు. ఆరిన గోడకంటిన గ్రుడ్లు నెలల తరబడి బ్రతికియుండి, నీరు తగులగానే పగులును. కావున పీచుతో తోమవలెను. పారబోయ వీలులేని పెద్ద నీళ్ళలో గంబూసియా చేపలు వదలవచ్చును. పొగయంత్రము వీధిలో తిరుగుట కంటికి పండుగ. ఎగురుచున్న దోమ కొంత చచ్చును, తొట్టిలోని పిల్ల చావదు.

నీటి కరవున్న వీధిలో తొట్లు ఖాళీచేయుమనినచో ఆడవారు వినరు. వారి మాటలో న్యాయమున్నది. నీరు క్రమముగా వచ్చుననెడి నమ్మకమున్నచోటనే శుక్రవారపు నియమము సాగును. కావున దోమల పనియు నీటి పనియు రెండు కావు.

జ్వరము వచ్చినవారికి మా సలహా: ముందు రక్తపరీక్ష, పిదప మందు. మలేరియాలో ఒక రకమునకు 14 దినములు మందు మ్రింగవలసియుండును. మూడు దినములకే జ్వరము దిగినదని మానినవారికి కాలేయములో దాగిన క్రిమి మరల లేచును. డెంగ్యూ అనుమానమున్నప్పుడు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి వాడరాదు; అవి రక్తస్రావమును పెంచును. మూడవనాటికిని ఏడవనాటికిని నడుమ జ్వరము దిగిపోవు సమయమే డెంగ్యూలో ప్రమాదకాలము. జ్వరము పోయినదని ఇంటివారు సంతసించుచుండగా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండి రక్తము, కాళ్ళుచేతులు చల్లబడుట కనబడినచో ఆలస్యము చేయరాదు. అట్లని ప్రతి జ్వరమునకును సెలైను ఎక్కింపవలసిన పనిలేదు. నోట నీరు దిగుచున్న రోగికి సీసా కట్టించుటకై వడ్డీకి అప్పు తెచ్చుట తగదు.

పాముకాటు

2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షల మంది, అనగా ఏటేట సగటున 58,000 మంది మరణించిరని ఒక పెద్ద పరిశోధన తేల్చినది. అందులో సగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనివే. నూటికి 70 మరణములు జరిగిన ఎనిమిది రాష్ట్రములలో ఉమ్మడి ఆంధ్రదేశము నొకటి. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2024 మార్చిలో సంకల్పము ప్రకటించినది.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర — ఈ నాలుగింటి విషమునకు మందు ఒక్కటే, అది ఆసుపత్రిలోని విషహర సూది. మంత్రము వలన బ్రదికిరనుట మీరును వినియుందురు. పాములలో విషము లేనివి పెక్కు. విషపు పాము కరచినను ఒక్కొక్కసారి విషము దిగదు. అట్టివారు మంత్రము వేసినను వేయకున్నను బ్రదుకుదురు. విషము దిగినవానికి మంత్రశాలలో గడచిన గంట తిరిగి రాదు. మంత్రము వేయు పెద్దలను అవమానింపనక్కరలేదు. వారిని పిలిచి, రోగిని వెంటనే పంపుటలో తోడుపడుడని కోరుడు. ఊరు వారి మాట వినును.

కరచినచోట కోయరాదు, నోటితో పీల్చరాదు, గట్టిగా కట్టరాదు. ఆ కాలుచేతులు కదలకుండ కర్రతో బద్దకట్టి, రోగిని నడువనీయక తీసికొనిరావలెను. 108 బండి ఆలస్యమగుచోట మోటారుసైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తెచ్చినను మేలే. పామును చంపి తేనక్కరలేదు. కట్లపాము రాత్రి నేలపై పండుకొన్నవారిని కరచును. నొప్పి అంతగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పియనియు, కనురెప్పలు వాలుచున్నవనియు చెప్పినచో పాముకాటని అనుమానింపవలెను. మంచము, దానిపై చక్కగా దోపిన దోమతెర — ఈ రెండును దోమనే కాదు, పామును కూడ దూరముంచును.

ఏ ఆసుపత్రిలో ఈ సూది నిలువయున్నదో ఇప్పుడే విచారించి, దాని పేరు, ఫోను నంబరు పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. అర్ధరాత్రి ఆ విచారణకు వ్యవధి యుండదు.

మా కేంద్రము నుండి కొన్ని మనవులు

వాగులు పొంగి దారులు తెగిపోవు శివారు గ్రామముల గర్భిణుల పట్టిక ఏ.ఎన్.ఎమ్. వద్ద కలదు. ఈ మూడు నెలలలో ప్రసవింపవలసినవారి పేర్లు ఆమెనడిగి, నెలలు నిండకముందే వారిని ఆసుపత్రికి దగ్గరనున్న చుట్టముల యింటికో, ప్రసూతి వసతి గృహమునకో చేర్చు బాధ్యత ఆ వార్డు సభ్యులు వహింపవలెను. రక్తపోటు, మధుమేహము, మూర్ఛ, క్షయ — వీనికి ప్రతిదినము మాత్రలు వాడువారు వానలు ముదరకముందే వచ్చి నెలకు సరిపడ తీసికొనిపోవలెను. తడియని డబ్బాలో వానిని దాచుకొనవలెను. పాత చీటీని తప్పక తేవలెను. దానిని చూచినచో చేసిన పరీక్షయే మరల చేయు పని తప్పును. ఒకే వీధిలో రెండు దినములలో ముగ్గురికి విరేచనములైనను, వరుసగా జ్వరములు వచ్చినను, రోగులు మా వద్దకు వచ్చువరకు ఆగక మీరే కబురంపుడు. ఊరికి అపకీర్తి వచ్చునని దాచినచో ముగ్గురు ముప్పదిమంది యగుదురు.

సభ్యులారా! రానున్న గ్రామసభలో నాలుగు తీర్మానములు చేయుడని ప్రార్థించుచున్నాము. వార్డు వార్డున గొట్టములు, గుంతలు చూచి పట్టిక వ్రాయుట. చివరి కుళాయి నీటిని పరీక్షించి ఫలితమును బల్లపై వ్రాయుట. శుక్రవారము తొట్లు ఆరబెట్టు నియమమును ముందుగా సభ్యుల యిండ్లలోనే ప్రారంభించుట. పాముకాటు రోగిని తీసికొనిపోవుటకు ప్రతి శివారునందును ఒక బండిని, ఇద్దరు యువకులను నిర్ణయించి వారి పేర్లు ప్రకటించుట. వీనికి వేలు, లక్షలు అక్కరలేదు. గోటితో పోవుదానికి గొడ్డలి యేలనని మన పెద్దలనిరి. వంద గ్రాముల పౌడరుతో పోవుదానిని వంద సెలైను సీసాల వరకు రానీయకుండుట మీ చేతిలోనిది.

పంచాయతీ కట్టించిన రోడ్డును అందరును చూతురు. దానిపై శిలాఫలకము నుండును. మీరు ముందుగా నీటిని బాగుచేయించుటచే బ్రదికిన బిడ్డ ఎవరో ఎవరికిని తెలియదు. ఆ తల్లికి కూడ తెలియదు. అట్టి పనికి చప్పట్లుండవు. కాని ఈ సంవత్సరము భాద్రపదములో మా వరండా ఖాళీగా నున్నచో అది మీ పనియేయని మేము ఎరుగుదుము, అడిగినవారికెల్ల చెప్పుదుము.

 ఈ వానకాలము మీ గ్రామములకు పంటనే గాని రోగమును తేకుండుగాక.